నెలసరి నొప్పి: హాస్టల్లో ఏ మందు, ఎంత, ఎప్పుడు? ఎవరిని డాక్టర్ దగ్గరికి పంపాలి?

వార్డెన్, అనంతపురం:

మాది ఇంటర్ అమ్మాయిల హాస్టల్. ప్రతి నెలా కొందరు నెలసరి మొదటిరోజు క్లాసుకు లేవలేరు. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంటారు. వాంతులు, విరేచనాలు, నడుము పీకడం, తొడలు లాగడం, కొందరికైతే కళ్లు తిరగడం. ఇక్కడ మొదటినుంచీ నడుస్తున్న పద్ధతి ఏమంటే, ముందు వాము నీళ్లు, తర్వాత "కాసేపు ఓర్చుకోమ్మా", ఇక తట్టుకోలేక ఏడిస్తే మెఫ్తాల్ స్పాస్ ఒకటి. చాలామందికి దాంతో తగ్గదు. ఇంటికి ఫోన్ చేస్తే తల్లులు చెప్పేది ఒకటే: "పెండ్లయితే అదే పోతాది మేడం, మాత్రలు అలవాటు చేయొద్దండి, రేపు బిడ్డలు పుట్టరంట."

మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఆలోపు ఒక పద్ధతి పెట్టుకోవాలి. ఏ మందు ఎంత, ఎప్పుడు ఇవ్వాలి? ఎవరికి ఇవ్వకూడదు? పెట్టెలో ఇంకేం ఉండాలి? ఏది మామూలు నొప్పి, ఏది చూపించాల్సిన నొప్పి అని డాక్టర్ కాని మనిషి ఎలా గుర్తుపట్టాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

గైనకాలజిస్టు, కడప:

మేడం, మీరు మందు ఆలస్యంగా ఇస్తున్నారు, పైగా చాలినంత ఇవ్వడం లేదు. తగ్గకపోవడానికి ముఖ్యమైన కారణాలు ఈ రెండే.

నెలసరికి ముందు ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పడిపోగానే గర్భసంచి లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. అవి గర్భసంచి కండరాన్ని గట్టిగా బిగిస్తాయి. బిగిసినంతసేపు ఆ కండరానికి రక్తం సరిగా అందదు, నొప్పి పుట్టేది అక్కడే. అవే రక్తంలో కలిసి పేగుల మీద పనిచేస్తే విరేచనాలు, వాంతులు. మొదటి రెండు రోజుల్లో ఇవి బాగా ఎక్కువగా ఉంటాయి. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్, నాప్రాక్సెన్ లాంటి మందులు వీటిని కొత్తగా తయారు కానివ్వవు. అప్పటికే తయారైపోయినదాన్ని మాత్రం ఏమీ చేయలేవు. పిల్ల ఏడ్చేదాకా ఆగి ఇస్తే సగమే పనిచేస్తుంది, వాంతులు మొదలైతే ఆ సగం కూడా కడుపులో నిలవదు.

కాబట్టి నొప్పి మొదలైన వెంటనే, లేదా మరక కనిపించిన వెంటనే, ఏదైనా తిన్నాక మొదటి మాత్ర. తేదీ సరిగ్గా వచ్చే అమ్మాయి అయితే ముందురోజు రాత్రి నుంచే మొదలుపెట్టొచ్చు. 16–18 ఏళ్ల పిల్లలకు మామూలుగా రాసే మోతాదు ఇది: మెఫెనమిక్ యాసిడ్ మొదట 500 మిల్లీగ్రాములు, తర్వాత 6 గంటలకొకసారి 250. లేదా ఐబుప్రొఫెన్ 400, ఎనిమిది గంటలకొకసారి, రోజుకు 1200 దాటకుండా. లేదా నాప్రాక్సెన్ మొదట 500, తర్వాత 8 గంటలకొకసారి 250. మూడింటిలో ఏదో ఒకటే. నొప్పి తగ్గిందని ఒక మాత్రతో ఆపేస్తే సాయంత్రానికి మళ్లీ తిరగబెడుతుంది. మొదటి రెండు రోజులు, అవసరమైతే మూడో రోజు కూడా, గడియారం చూసి వేళకు ఇవ్వాలి. మూడు రోజులు దాటి వాడకూడదు. ఒక నెలలో ఒకటి పనిచేయకపోతే వచ్చే నెల రెండోది చూడాలి. ఒకరికి పడని మందు ఇంకొకరికి బాగా పడుతుంది.

తల్లుల భయం గురించి. నెలసరి రోజుల్లో రెండు మూడు రోజులు ఈ మాత్రలు వాడితే పిల్లలు పుట్టకపోవడం ఉండదు. అలవాటు పడే మందులూ కావు. ఇక పెళ్లి సంగతి. వయసు పెరిగేకొద్దీ, కాన్పు అయ్యాక కొందరిలో ఈ నొప్పి తగ్గడం నిజమే, అందరికీ తగ్గదు. ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు (కింద వివరిస్తాను) ఉన్నవాళ్లకు పెళ్లి వైద్యం కాదు. 17 ఏళ్ల పిల్లను ఇంకో ఆరేడేళ్లు నెలనెలా ఇలా పడి ఉండమనడం ఏ లెక్కన న్యాయం?

మామూలు నొప్పి ఎలా ఉంటుందంటే, పెద్దమనిషి అయిన ఆరు నెలల నుంచి ఏడాది తర్వాత మొదలవుతుంది. రక్తస్రావంతోపాటో, కొన్ని గంటల ముందో వస్తుంది. పొత్తికడుపు మధ్యలో మెలితిప్పినట్టు ఉండి రెండు మూడు రోజుల్లో పోతుంది. సరైన మోతాదు, సరైన వేళకు లొంగుతుంది. ఇలాంటి పిల్లకు స్కానింగులూ, లోపలి పరీక్షలూ అక్కర్లేదు.

ఈ వరసకు రానిది చూపించాలి. మూడు నెలలు పద్ధతిగా మందు వాడినా క్లాసుకు పోలేకపోతే. నెలనెలా నొప్పి రోజులు పెరుగుతుంటే. నెలసరి లేని రోజుల్లోనూ పొత్తికడుపు నొస్తుంటే. విరేచనానికో మూత్రానికో కూర్చున్నప్పుడు ఆ రోజుల్లో పొడిచినట్టు ఉంటే. గంట గంటకూ ప్యాడ్ తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటినా, రూపాయి బిళ్లకంటే పెద్ద గడ్డలు పడుతున్నా. మొట్టమొదటి నెలసరి నుంచే తీవ్రమైన నొప్పి ఉన్నా. 15 ఏళ్లు దాటినా పెద్దమనిషి కాకుండా నెలకోసారి కడుపునొప్పి వస్తుంటే రక్తం బయటికి వచ్చే దారి మూసుకుపోయి ఉండొచ్చు, ఆ పిల్లను ఆలస్యం చేయకుండా పంపండి.

అదేరోజు, రాత్రయినా సరే పంపాల్సినవి కొన్ని ఉన్నాయి. జ్వరంతోపాటు నొప్పి, దుర్వాసనతో తెల్లబట్ట. ఒక్కసారిగా ఒకపక్కనే వచ్చిన భరించలేని నొప్పి, అండాశయం మెలిపడితే ఇలాగే ఉంటుంది. తేదీ తప్పి, తర్వాత కొంచెం రక్తం, ఒకపక్క నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భం ట్యూబులో ఉందేమో చూడాలి. ఇలాంటప్పుడు అమ్మాయిని నిలదీయకండి, ముందు ఆసుపత్రికి పంపండి. అక్కడ మూత్ర పరీక్ష ఎలాగూ చేస్తారు.

ఇంకొక మాట. స్కానింగులో ఏమీ లేదని వస్తే "నాటకాలాడుతోంది" అనేస్తుంటారు. ఎండోమెట్రియోసిస్ అంటే గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పొత్తికడుపులో అతుక్కుని పెరగడం. పునరుత్పత్తి వయసు స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పలుచని మచ్చల్లా ఉన్న దశలో మామూలు స్కానింగుకు దొరకదు. అందుకే స్కానింగు బాగున్నా, లక్షణాలను బట్టి హార్మోన్ మందులు మొదలుపెట్టొచ్చు. ఆపరేషన్ చేసి చూసేదాకా ఆగాల్సిన పని లేదు.

ఫార్మసిస్టు, ప్రొద్దుటూరు:

డాక్టర్ గారు చెప్పినదానికి కౌంటర్ వైపు నుంచి కొన్ని.

మెఫ్తాల్ స్పాస్ మాత్రలో రెండు మందులుంటాయి: నొప్పి తగ్గించే మెఫెనమిక్ యాసిడ్ 250 మిల్లీగ్రాములు, కండరాల బిగుతు తగ్గించే డైసైక్లోమిన్ 10. అంటే మీరు ఒకటి ఇస్తే నొప్పి మందు 250 మాత్రమే పడింది, మొదటి మోతాదులో సగం. సరే, రెండు ఇద్దామా అంటే డైసైక్లోమిన్ కూడా రెట్టింపు అవుతుంది. దానివల్ల నోరు ఎండిపోవడం, మత్తు, చూపు మసక, మలబద్ధకం. పరీక్ష రాయబోయే పిల్లకు ఇవేవీ మంచివి కావు. ఒట్టి మెఫెనమిక్ 500 మాత్ర విడిగా దొరుకుతుంది, అదే రాయించుకోండి. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు, మిల్లీగ్రాములు చదివి పెట్టెలో ఉంచండి. పైన పెద్దగా కనిపించే పేరుతో పనిలేదు.

ఎక్కువగా జరిగే పొరపాటు, పొద్దున హాస్టల్లో మెఫెనమిక్, మధ్యాహ్నం స్నేహితురాలి దగ్గర ఐబుప్రొఫెన్, సాయంత్రం ఒంటినొప్పులకని డైక్లోఫెనాక్. మూడూ ఒకే జాతి మందులు. కలిపితే నొప్పి మూడింతలు తగ్గదు, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీ మీద భారం పడుతుంది. చాలకపోతే వాటిలో ఏదో ఒకదానితో కలిపి ఇవ్వగలిగింది పారాసిటమాల్ 500 లేదా 650, అదీ 6 గంటల ఎడంతో.

ఎవరికి ఇవ్వకూడదు: కడుపులో అల్సర్ ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఆస్పిరిన్ లాంటి మాత్ర వేసుకుంటే ఆయాసం వచ్చినవాళ్లు, గర్భం అనుమానం ఉన్నవాళ్లు. జ్వరం ఉంటే డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే. ఇంకోటి, 2023 నవంబరులో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ మెఫెనమిక్ మీద ఒక హెచ్చరిక ఇచ్చింది. అరుదుగా కొందరిలో, మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, గ్రంథుల వాపు రావొచ్చు. దాన్ని డ్రెస్ సిండ్రోమ్ అంటారు. అలా కనిపిస్తే మాత్ర ఆపి, ఫలానా మందు వాడామని డాక్టర్‌కు చెప్పాలి. అరుదైన సంగతే, దీనికి భయపడి అందరికీ మందు మానేయక్కర్లేదు.

మన జిల్లాల్లో అసలు భయపడాల్సింది నీళ్లు తాగకపోవడం గురించి. మార్చి దాటితే కర్నూలు, అనంతపురంలో ఎండ 40 డిగ్రీలు. కాలేజీ బాత్రూంలో నీళ్లుండవు, తలుపు గడియ పడదు, అందుకని పిల్లలు పొద్దున్నించీ గుక్క నీళ్లు తాగకుండా కూర్చుంటారు. దానిమీద విరేచనాలు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందించే దారిని తెరిచి ఉంచేది కూడా ఈ ప్రోస్టాగ్లాండిన్లే. మాత్ర దాన్నీ అడ్డుకుంటుంది. మాత్ర ఇచ్చేటప్పుడు ఒక గ్లాసు నిండా నీళ్లు ఎదురుగా తాగించండి. వాంతులు, విరేచనాలు ఉంటే ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా. గ్లాసు నీళ్లలో ప్యాకెట్ అంతా పోయకూడదు, ఉప్పు ఎక్కువై ఇంకా ప్రమాదం.

మాత్రలు హాస్టల్లో ఉంచాలంటే ఒక డాక్టర్ చేత పేరు, మోతాదు రాయించి సంతకం తీసుకోండి. చేర్చుకునేటప్పుడే తల్లిదండ్రుల దగ్గర ఒప్పుకోలు కాగితం, అందులో ఆస్తమా, అల్సర్, మందుల అలర్జీ ఉన్నాయా అన్న ప్రశ్నలు పెట్టండి. అర్ధరాత్రి ఫోన్లు చేసి కనుక్కునే అవసరం రాదు.

స్టాఫ్ నర్సు, కర్నూలు:

కాపడం గురించి ఎవరూ రాయలేదు, అది చిన్న విషయం కాదు. 39–40 డిగ్రీల వెచ్చదనం పొత్తికడుపు మీద నిలకడగా ఉంటే దాదాపు ఐబుప్రొఫెన్ అంత పనిచేస్తుంది. మాత్ర పడనివాళ్లకు ఇదే ఆధారం. మాత్ర పడేవాళ్లకు మాత్ర పనిచేసేలోపు గడిచే ఆ ముప్పావుగంటకు ఇదే ఆధారం.

రబ్బరు సంచిలో మరిగే నీళ్లు పోయకండి. మరిగించి దించి, కొంచెం చన్నీళ్లు కలిపి, మూడింట రెండు వంతులు నింపండి. బల్లమీద పడుకోబెట్టి నొక్కితే గాలి పోయి నీళ్లు మూతి దాకా వస్తాయి, అప్పుడు మూత బిగించండి. గాలి ఉంటే సంచి ఉబ్బి ఒంటికి ఆనదు. తలకిందులు చేసి కారడం లేదని చూశాక టవల్ చుట్టి బొడ్డు కింద గానీ నడుము మీద గానీ 15–20 నిమిషాలు. పక్కలో పెట్టుకుని నిద్రపోనివ్వొద్దు. మెడ దగ్గర రబ్బరు పగుళ్లిస్తే పారేయండి, తెగేది అక్కడే. కరెంటుతో వేడెక్కే జెల్ సంచి అయితే ప్లగ్ తీశాకే ఒంటిమీద పెట్టాలి. తొడలమీద, కడుపుమీద గోధుమరంగు వలలాంటి మచ్చలు కనిపిస్తే వేడి మరీ ఎక్కువైందని అర్థం.

కళ్లు తిరిగేవాళ్లను లేపి కూర్చోబెట్టి ముఖాన నీళ్లు కొట్టకండి. పడుకోబెట్టి కాళ్ల కింద దిండ్లు పెట్టాలి. స్పృహలోకి వచ్చాకే తాగడానికి ఇవ్వాలి. మాత్ర వేసిన అరగంటలోపు వాంతి అయి, అందులో మాత్ర కంటికి కనిపిస్తేనే మళ్లీ ఇవ్వాలి. లేకపోతే తర్వాతి వేళ వరకు ఆగండి.

వాము నీళ్లు తాగితే గ్యాస్ తగ్గి కొంచెం హాయిగా ఉంటుంది, మానక్కర్లేదు. కానీ అది మందుకు బదులు కాదు. ఇంటి మందుల్లో కాస్త ఆధారం ఉన్నది శొంఠి: మొదటి మూడు రోజులు రోజుకు ఒకటి నుంచి రెండు గ్రాముల పొడి, అంటే సుమారు అర చెంచా నుంచి చెంచా, రెండు మూడు సార్లుగా మజ్జిగలోనో వేడినీళ్లలోనో. ఆముదం మాత్రం తాగించొద్దు, అసలే విరేచనాలతో ఉన్న పిల్ల ఇంకా నీరసిస్తుంది.

ఒక నోటుపుస్తకం పెట్టండి. డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు "బాగా నొప్పి" అన్న మాటకంటే ఇలాంటి ఒక్క వరుస పనికొస్తుంది:

"12వ తేదీ. ఉదయం 6కి నొప్పి 8/10. 6:15కి రెండు ఇడ్లీలు, మెఫెనమిక్ 500. 7:30కి నొప్పి 4. ప్యాడ్లు 5. మధ్యాహ్నం 12:15కి 250. ల్యాబ్‌కు పోలేదు."

మూడు నెలల వరుసలు ఉంటే మందు లొంగుతోందా లేదా అన్నది ఎవరైనా చెప్పగలరు. ఆ పుస్తకం మీ బీరువాలో ఉండాలి, నోటీసు బోర్డు మీద కాదు. పిల్లల గుట్టు అది.

అందరికీ ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి. 12 కంటే తక్కువైతే రక్తహీనత, 8 కంటే తక్కువైతే ఆసుపత్రి కేసు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది, మన పిల్లలు దానికి అతీతం కాదు. రక్తహీనత వల్ల మెలితిప్పే నొప్పి రాదు గానీ, నీరసం, కళ్లు తిరగడం రెట్టింపవుతాయి. వారానికొకటి ఇచ్చే నీలం ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. అది రక్తహీనత రాకుండా కాపాడడానికే, వచ్చినదాన్ని తగ్గించడానికి చాలదు. రక్తహీనత తేలితే రోజూ వాడే కోర్సు రాయించాలి. టీకి, మాత్రకు కనీసం గంట ఎడం. రాగి సంగటిలో కాల్షియం దండిగా ఉంది గానీ అందులోని ఐరన్ ఒంటికి పట్టడం తక్కువ. పక్కన నిమ్మకాయ పిండిన పప్పో, జామకాయో ఉంటే కొంత పడుతుంది.

ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో గైనిక్ ఓపీ ఉంటుంది. అనంతపురంలో మీకు అదే దగ్గర. చిన్న సందేహాలకు సచివాలయం ఏఎన్ఎంను పిలిపించుకోండి.

ఫిజియోథెరపిస్టు, అనంతపురం:

వ్యాయామం నొప్పి ఉన్న రోజు చేయించేది కాదు, నెలంతా చేయించేది. 2019లో వచ్చిన కోక్రేన్ సమీక్ష (చాలా అధ్యయనాలను కలిపి చూసి తేల్చేది) ప్రకారం వారానికి మూడుసార్లు, ప్రతిసారీ 45–60 నిమిషాలు చేసినవాళ్లలో నొప్పి చెప్పుకోదగ్గంత తగ్గింది. పరుగే కానక్కర్లేదు. వేగంగా నడక, యోగా, సాగదీసే వ్యాయామాలు ఏవైనా సరే. ఇంటర్ కాలేజీల్లో ఆటల పీరియడ్ ఎత్తేసి స్టడీ అవర్ పెట్టడం ఈ పిల్లలకు నేరుగా నష్టం.

టెన్స్ యంత్రం, అంటే ఒంటికి అంటించే ప్యాడ్ల ద్వారా కొద్దిపాటి కరెంటు పంపి నొప్పి తగ్గించేది, ఒకటి హాస్టల్‌కు కొన్నా వృథా కాదు. 80–100 హెర్ట్జ్‌లో పెట్టి, ప్యాడ్లు పొత్తికడుపుకు రెండువైపులా, 20–30 నిమిషాలు. జుమ్మని తెలియాలి, కండరం ఎగిరేంత పెంచకూడదు. గుండెకు పేస్‌మేకర్ ఉంటే వాడకూడదు, గర్భం అనుమానం ఉన్నా వద్దు.

లెక్చరర్, కడప:

పరీక్షల సంగతి నేను రాస్తాను. పరీక్ష 9 గంటలకు అయితే 7:30కి టిఫిన్ తిని మాత్ర వేసుకుంటే హాల్లో కూర్చునేసరికి పనిచేస్తూ ఉంటుంది. ఏ మందు పడుతుందో డిసెంబరు, జనవరి నెలల్లోనే తేల్చుకోవాలి, పరీక్షరోజు కొత్త మాత్ర ప్రయోగం వద్దు.

నెలసరి వాయిదా మాత్రలు అడుగుతారు, పండగలకూ తిరుమలకూ వాడినట్టే. నోరెథిస్టిరోన్ 5 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, తేదీకి మూడు రోజుల ముందు నుంచి అని డాక్టర్లు రాస్తారు. ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. టైంటేబుల్ చూడకుండా ఆపితే సరిగ్గా లెక్కల పేపరు రోజే రావొచ్చు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు పనికిరాదు, కాబట్టి షాపులో అడిగి తెచ్చుకోవడం కాదు, చూపించుకుని వాడాలి.

హాజరు పట్టీ చూసి "పిల్లలందరూ వస్తూనే ఉన్నారు కదా" అనుకుంటారు యాజమాన్యాలు. నెదర్లాండ్స్‌లో 32,748 మంది స్త్రీలను అడిగి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, నెలసరి వల్ల ఏడాదికి సగటున 8.9 రోజుల పని నష్టం తేలింది. అందులో సెలవు పెట్టింది ఒకటిన్నర రోజు కూడా లేదు. మిగతాదంతా వచ్చి కూర్చుని పని చేయలేకపోవడమే. క్లాసులో తల బల్లమీద పెట్టుకున్న పిల్ల హాజరే, పాఠం మాత్రం పోయింది. ఆరోజు నోట్సు ఇంకొకరు ఇచ్చే ఏర్పాటు, ప్రాక్టికల్‌కు వేరే తేదీ, ఈ రెండూ కాలేజీ చేతిలో ఉన్నవే. 2023 జనవరిలో కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థినులకు హాజరులో అదనంగా 2 శాతం సడలింపు ఇచ్చింది. మీ ప్రిన్సిపాల్‌కు ఈ ఉదాహరణ చూపించి అడగండి.

వార్డెన్, అనంతపురం:

అందరికీ ధన్యవాదాలు. ఒట్టి మెఫెనమిక్ 500 రాయిస్తాను, ఒప్పుకోలు కాగితం, నోటుపుస్తకం ఈ నెల నుంచే. ఇంకొక్కటి అడగాలి డాక్టర్ గారూ. మా వంటామెకు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. నెలసరిలో నొప్పి, రక్తం ఎక్కువ. గర్భసంచి తీయించేసుకో, పీడ పోతుందని ఒకచోట చెప్పారట. ఆమె అప్పు కోసం తిరుగుతోంది.

గైనకాలజిస్టు, కడప:

ముందు ఆ అప్పు ఆపించండి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తంమీద 3.2 శాతం అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఈ ఆపరేషన్ మన దగ్గర ఎంత తేలిగ్గా జరుగుతోందో చూడండి. 36 ఏళ్లకే తీసేస్తే, అండాశయాలు ఉంచినా ముట్లుడిగే దశ ముందుగా రావొచ్చు. వాటినీ తీసేస్తే వెంటనే వస్తుంది, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బుల ముప్పు పెరుగుతాయి. ఎండోమెట్రియోసిస్ అయితే గర్భసంచి తీసినా నొప్పి మిగలొచ్చు.

ఆమెకు ముందు కావాల్సింది హిమోగ్లోబిన్, థైరాయిడ్, స్కానింగు, గర్భాశయ ముఖద్వార పరీక్ష. కాపర్ టీ వేయించుకుని ఉందా అని అడగండి, దానివల్ల కూడా రక్తం, నొప్పి పెరుగుతాయి. రక్తం ఎక్కువ పోయే రోజుల్లో ట్రానెగ్జామిక్ యాసిడ్, నొప్పికి మెఫెనమిక్. అవి చాలకపోతే హార్మోన్ మాత్రలు. బీపీ, మెరుపులు కనిపించే మైగ్రేన్, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే ఈస్ట్రోజెన్ ఉన్నవి వద్దు, ప్రొజెస్టెరాన్ రకం చూడాలి. 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ ఉన్న లూప్ గర్భసంచిలో వేస్తే రక్తం, నొప్పి రెండూ బాగా తగ్గుతాయి, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. మొదటి మూడు నాలుగు నెలలు కొంచెం కొంచెంగా మరక కనిపిస్తుంటుంది, అది చూసి భయపడి తీయించేసుకుంటారు, ముందే చెప్పి ఉంచాలి.

ఇవన్నీ చూశాక కూడా ఆపరేషనే మార్గం అయితే వేరే విషయం. ఇప్పటిదాకా ఉన్న స్కానింగు కాగితాలు, రక్తపరీక్షలు, వాడిన మందుల స్ట్రిప్పులు ఒక సంచిలో వేసుకుని ప్రభుత్వ ఆసుపత్రి గైనిక్ ఓపీకి రమ్మనండి. రెండో డాక్టర్ మాట విన్నాకే సంతకం పెట్టమనండి.